ఒక్క రోజు, ఐదు నామినీలు: చూడటం కంటే ర్యాంకులు వేయడమే కష్టం

ముందు లెక్క చూద్దాం. 2024 సినిమాలకుగాను ఆస్కార్ ఉత్తమ చిత్రం విభాగంలో పది సినిమాలు పోటీ పడ్డాయి. పదింటి నిడివీ కలిపితే దాదాపు 24 గంటల 50 నిమిషాలు. అర్ధరాత్రి మొదలుపెట్టి, లేచి మంచినీళ్లయినా తాగకుండా కూర్చున్నా మర్నాటి అర్ధరాత్రికి ఇంకా కొంత మిగిలే ఉంటుంది. అందులో 'ది బ్రూటలిస్ట్' ఒక్కటే 215 నిమిషాలు. దాంట్లో 15 నిమిషాల ఇంటర్వెల్ కూడా సినిమాలో భాగంగానే వస్తుంది, స్క్రీన్ మీద గడియారంతో సహా. అంతకుముందు ఏడాది పది కాస్త దయ తలచాయి, మొత్తం 23 గంటలే. అక్కడ కూడా 'కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్' 206 నిమిషాలు, 'ఓపెన్‌హైమర్' 180 నిమిషాలు. ఈ రెండే ఆరున్నర గంటలు మింగేస్తాయి.

అందుకే "ఈ ఏడాది నామినీలన్నీ స్నేహితులతో కూర్చుని ఒక్క రోజులో లాగించి ర్యాంకులు వేసేద్దాం" అనే మాట వినడానికి బాగుంటుంది కానీ అయ్యే పని కాదు. అమెరికాలో ఏఎంసీ థియేటర్లవాళ్లు ఉత్తమ చిత్రం నామినీలను వరసగా వేసే ప్రత్యేక షోలు పెట్టేవాళ్లు. ఐదు సినిమాలున్నప్పుడు ఒక్క రోజులో సరిపోయింది. సంఖ్య పెరిగాక రెండు శనివారాలకు పంచాల్సి వచ్చింది, లేదంటే 24 గంటలూ నడిచే షో. ఆ 24 గంటల షో ఓపికకు పరీక్ష. అందులో ఎనిమిదో సినిమాకి ఇచ్చే ర్యాంకుకు ఏ విలువా ఉండదు, ఎందుకంటే అప్పుడు ర్యాంకు వేసేది మనిషి కాదు, నిద్ర.

ఒక రోజుకు సరైన సంఖ్య ఐదు. ఐదు నామినీల ఏళ్లకు కొదవ కూడా లేదు. 1944 నుంచి 2008 దాకా, అంటే 65 ఏళ్లపాటు, ఉత్తమ చిత్రానికి ఏటా ఐదే నామినేషన్లు. 2009, 2010 సినిమాలకు పది చేశారు. 2011 నుంచి 2020 దాకా ఐదుకు తగ్గకుండా పదికి మించకుండా అన్నారు గానీ ప్రతిసారీ ఎనిమిదో తొమ్మిదో తేలేవి. 2021 సినిమాల నుంచి మళ్లీ పది ఖాయం. కాబట్టి ఈ ఏడాది జాబితాను పక్కనపెట్టి పాత ఏడాది ఒకటి పట్టుకోవడమే తెలివైన పని. పది మీదే మనసుంటే రెండు రోజులు కేటాయించుకోండి, అంతే.

ఏడాదిని ఎంచుకునేటప్పుడు చూడాల్సింది మొత్తం నిడివి. ఐదూ కలిపి 11 గంటలు దాటితే వదిలేయండి. 1975 ఐదూ అద్భుతమైన సినిమాలే, కానీ 'బ్యారీ లిండన్' ఒక్కటే మూడు గంటల పైన ఉండటంతో మొత్తం 12 గంటలు దాటుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు అది వద్దు. 2007 సరిగ్గా కుదురుతుంది: 'దేర్ విల్ బీ బ్లడ్' 158 నిమిషాలు, 'అటోన్‌మెంట్' 123, 'నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్' 122, 'మైకేల్ క్లేటన్' 119, 'జూనో' 96. మొత్తం 618 నిమిషాలు, అంటే 10 గంటల 18 నిమిషాలు. పైగా ఆ ఏడాది ఐదింటిలో ప్రతిదానికీ కనీసం ఒక ఆస్కార్ దక్కింది. స్క్రీన్‌ప్లేకి 'జూనో', సహాయనటికి 'మైకేల్ క్లేటన్', సంగీతానికి 'అటోన్‌మెంట్', ఇలా. అంటే లెక్క నింపడానికి వచ్చిన సినిమా ఒక్కటీ లేదు, అన్నీ గట్టి పోటీయే. ర్యాంకులు వేయడంలో మజా ఉండాలంటే అలాంటి ఏడాదే కావాలి.

మొత్తం నిడివికి 30 శాతం కలిపితే రోజు ఎంతసేపు పడుతుందో తేలుతుంది. 618 నిమిషాల సినిమాలకు సుమారు 13 గంటల 20 నిమిషాలు. దీన్ని తగ్గించాలని చూస్తే బ్రేకుల మీదే పడుతుంది, బ్రేకులు తగ్గితే ర్యాంకులు పాడవుతాయి. 2007 ఐదింటికీ నేను రాసే టైమ్‌టేబుల్ ఇది.

ఉదయం 8:30కి 'దేర్ విల్ బీ బ్లడ్'. అయ్యేసరికి 11:08.
11:30కి 'మైకేల్ క్లేటన్'. 1:29కి అయిపోతుంది. ఆ తర్వాత భోజనం.
2:15కి 'జూనో'. 3:51 దాకా.
4:10కి 'అటోన్‌మెంట్'. 6:13 దాకా. తర్వాత ముప్పావు గంట ఖాళీ.
7:00కి 'నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్'. 9:02కి ముగింపు, 9:20కి ఓట్లు, 9:45కి లెక్కింపు పూర్తి.

ఈ వరసకు కారణాలున్నాయి. 'దేర్ విల్ బీ బ్లడ్'లో మొదటి 14 నిమిషాల్లో దాదాపు మాటే వినపడదు. మధ్యాహ్నం మూడింటికి అది వేస్తే ఆ 14 నిమిషాల్లోనే సగం గది గురక పెడుతుంది. బుర్ర తాజాగా ఉన్న పొద్దున్నే దాన్ని కానిచ్చేయాలి. 'మైకేల్ క్లేటన్' ఒక సంఘటనతో మొదలై వెంటనే నాలుగు రోజులు వెనక్కి వెళ్తుంది. మొదటి పావుగంట తప్పిపోతే చివరి అరగంట బలం సగం పోతుంది. అందుకని ఆలస్యంగా వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు సర్దుకున్నాక పడేలా దాన్ని రెండోదిగా పెట్టాలి. భోజనం తర్వాత రెండు నుంచి నాలుగు దాకా గండం. భుక్తాయాసంతో పాటు ఒంటి గడియారం కూడా ఆ వేళకు మందగిస్తుంది, కడుపు ఖాళీగా ఉన్నా సరే. అప్పుడు ఉన్నవాటిలో పొట్టిది, చురుగ్గా మాటలు నడిచేది పడాలి. ఇక్కడ అది 'జూనో'. ఇక 'నో కంట్రీ'లో నేపథ్య సంగీతం ఉన్నట్టే ఉండదు. అడుగుల చప్పుడు, గాలి, తలుపు గొళ్లెం, వీటి మీదే ఉత్కంఠ నడుస్తుంది. చీకటి పడి, బయటి శబ్దాలు తగ్గాక చూస్తేనే దానికి న్యాయం.

మధ్యలో కాఫీ తాగేవాళ్లకు ఒక మాట. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. మూడో సినిమా ముందు తాగింది ఐదో సినిమాకి కూడా కొంత పనిచేస్తూనే ఉంటుంది. ప్రతి బ్రేకులో ఒక కప్పు లాగించేస్తే రాత్రికి చేతులు వణుకుతూ ఓటేస్తారు, తర్వాత నిద్రపట్టదు.

ఇక పరికరాలు. ఇలా వరసగా సినిమాలు చూసే మారథాన్లు చాలావరకు సినిమాల వల్ల చెడవు, రిమోట్ వల్ల చెడతాయి.

అద్దెకు తీసుకున్న సినిమాలతో మొదటి చిక్కు గడువు. చాలా ఆన్‌లైన్ స్టోర్లలో అద్దె కట్టాక మొదలుపెట్టడానికి 30 రోజుల టైముంటుంది, కానీ ఒకసారి ప్లే నొక్కితే 48 గంటలే. "అంతా సరిగ్గా వస్తోందో లేదో చూద్దాం" అని మూడు రోజుల ముందు ఐదింటినీ ఒక్కో నిమిషం ఆడించి చూస్తే, అసలు రోజుకు ఐదూ ఎగిరిపోయి ఉంటాయి. పరీక్షించాలంటే అదే యాప్‌లో ట్రైలర్ వేసి చూడండి. ట్రైలర్‌కి గడువు లెక్క ఉండదు, బొమ్మ, ధ్వని ఎలా వస్తున్నాయో మాత్రం తెలిసిపోతుంది. అసలు సినిమాలో సబ్‌టైటిల్స్ ఏయే భాషల్లో ఉన్నాయో సినిమా పేజీలోనే రాసి ఉంటుంది, దానికి ప్లే నొక్కక్కర్లేదు.

రెండో చిక్కు ఎవరూ ఊహించనిది. చాలా టీవీలకు కరెంటు పొదుపు కోసం, నాలుగు గంటలు ఎవరూ ఏమీ నొక్కకపోతే దానంతటదే ఆరిపోయే సెట్టింగ్ ఉంటుంది. "మధ్యలో రిమోట్ నొక్కుతూనే ఉంటాం కదా" అనుకుంటారు. నొక్కేది స్ట్రీమింగ్ స్టిక్ రిమోటో, డిస్క్ ప్లేయర్ రిమోటో. టీవీ రిమోట్‌ని పొద్దున్న పక్కన పడేశాక ముట్టుకోరు. టీవీ దృష్టిలో మీరు 8:30కే వెళ్లిపోయారు. పై టైమ్‌టేబుల్ ప్రకారమైతే అది సరిగ్గా 12:30కి, 'మైకేల్ క్లేటన్' నడిమధ్యలో ఆరిపోతుంది. ముందురోజే సెట్టింగుల్లో పవర్ విభాగంలోకి వెళ్లి ఆటో పవర్ ఆఫ్ తీసేయండి. అలాగే యాప్‌లో తర్వాతి వీడియో దానంతటదే మొదలయ్యే ఆటోప్లే కూడా ఆపేయండి. లేకపోతే చివరి షాట్ ఇంకా కళ్లముందు ఉండగానే బొమ్మ మూలకు కుంచించుకుపోయి "మీకు ఇవి కూడా నచ్చొచ్చు" అంటూ ఇంకేదో మొదలవుతుంది. ముగింపు పేర్లు పడే ఆ ఐదారు నిమిషాలే ర్యాంకులకు ప్రాణం, ఎందుకో కింద చెప్తాను.

మూడోది బొమ్మ. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. కొత్త టీవీలు వాటి మధ్యలో సొంతంగా ఫ్రేములు కల్పించి కదలికను నున్నగా చేసేస్తాయి. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టుకుంది. ఫలితం మాత్రం ఒకటే, కోట్లు పోసి తీసిన సినిమా స్టూడియోలో తీసిన సీరియల్‌లా కనిపిస్తుంది. 'అటోన్‌మెంట్'లో డన్‌కర్క్ ఒడ్డున కట్ లేకుండా ఐదు నిమిషాలు నడిచే షాట్ ఉంది. నున్నన చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆ షాట్‌లో కెమెరా ముందు నడిచే మనుషులు నీళ్లలో తేలుతున్నట్టుంటారు. అప్పుడు ఛాయాగ్రహణానికి మార్కులు తగ్గిస్తే తప్పు టీవీది, ఛాయాగ్రాహకుడిది కాదు. 'ఫిల్మ్‌మేకర్ మోడ్' ఉన్న టీవీల్లో అది ఎంచుకుంటే చాలు. లేనివాళ్లు 'సినిమా' మోడ్ పెట్టి, మోషన్‌కి సంబంధించినవన్నీ సున్నా చేయండి. ముఖ్యం ఏమిటంటే ఐదు సినిమాలకూ ఒకే సెట్టింగ్ ఉండాలి. మధ్యలో ఎవరో లేచి వెలుగు పెంచితే ముందు చూసిన రెండిటికీ అన్యాయం జరిగినట్టే.

కూర్చునే దూరం, స్క్రీన్ మూల నుంచి మూలకు ఉన్న కొలతకు 1.6 రెట్లు. 55 అంగుళాల టీవీకి దాదాపు ఏడు అడుగులు. ఒక్క సినిమాకైతే దగ్గరగా కూర్చున్నా బాగుంటుంది గానీ పది గంటలంటే మెడ పట్టేస్తుంది. గది పూర్తిగా చీకటి చేయకుండా టీవీ వెనక చిన్న దీపం ఒకటి వెలిగించి ఉంచితే కళ్లకు శ్రమ తగ్గుతుంది.

ధ్వని దగ్గర చాలామంది చేసే తప్పు, 5.1 ట్రాక్‌ని, అంటే గది చుట్టూ పెట్టే ఆరు స్పీకర్ల కోసం చేసిన ధ్వనిని, మామూలు టీవీ స్పీకర్ల మీద ఆడించడం. మాటలు గొణిగినట్టు, తుపాకులు పేలినట్టు వస్తాయి, ఒకరు రిమోట్ పట్టుకుని పెంచుతూ తగ్గిస్తూ కూర్చుంటారు. స్టీరియో ట్రాక్ ఉంటే అది పెట్టండి. నెట్ మీద చూసేవాళ్లు డేటా కూడా లెక్కేసుకోవాలి. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం గంటకు హెచ్‌డీలో 3 జీబీ దాకా, 4కేలో 7 జీబీ దాకా అవుతుంది. 10 గంటల 18 నిమిషాలకు హెచ్‌డీ అయితే సుమారు 31 జీబీ, 4కే అయితే 72 జీబీ. రోజువారీ పరిమితి ఉన్న కనెక్షన్ మీద 4కే పెడితే మూడో సినిమా దగ్గర బొమ్మ మసకబారడం మొదలవుతుంది. ఇక ఆ సినిమా ర్యాంకు గోవిందా.

డిస్కులతో చూసేవాళ్లకు ఇంకో చిన్న సంగతి. కొన్ని దేశాల పాత డీవీడీలు సెకనుకు 25 ఫ్రేములతో నడుస్తాయి, అంటే సినిమా నాలుగు శాతం వేగంగా పరుగెడుతుంది. 122 నిమిషాల సినిమా 117కే అయిపోతుంది. గొంతులు కూడా రవ్వంత సన్నబడొచ్చు. నిడివి తేడా కనిపించగానే ఏదో కోసేశారని గాభరా పడక్కర్లేదు. అయితే డైరెక్టర్స్ కట్, అంటే దర్శకుడు తన ఇష్టం మేరకు విడిగా కూర్చినది, వేరే సంగతి. నామినేట్ అయింది థియేటర్‌లో ఆడిన కూర్పు, ర్యాంకు కూడా దానికే వేయాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఐదు సినిమాలు చూడటానికి ఓపిక చాలు, ర్యాంకులు వేయడానికి పద్ధతి కావాలి. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు, రాత్రి తొమ్మిదింటికి కాగితం ఇచ్చి ర్యాంకులు రాయమంటే ఇప్పుడే చూసిన ఐదో సినిమా పైకి పాకుతుంది. పొద్దున్న చూసింది మసకగా ఉంటుంది, "బాగుంది కానీ స్లో" అనే ఒక్క ముక్కే మిగులుతుంది. మధ్యాహ్నం సినిమా సంగతి మరీ దారుణం. దాని మీద పడే మచ్చ సగం సినిమాది, సగం కునుకుది. ఇంకోటి, పక్కపక్కన పడే సినిమాల ప్రభావం. బరువైన సినిమా వెనకాల పడ్డ తేలిక సినిమా, ఊపిరి పీల్చుకున్నట్టుండి రెండు మెట్లు పైకెక్కుతుంది. లేదా "ఇదేం చిన్నపిల్లల వ్యవహారం" అనిపించి రెండు మెట్లు దిగుతుంది. ఏది జరిగినా అది దాని సొంత గుణం కాదు.

దీనికి మందు, ముగింపు పేర్లు పడుతుండగానే రాసేయడం. ఒక్కొక్కరికీ ఒక్కో నోట్‌బుక్. ఎవరూ నోరు విప్పకముందే మూడు ముక్కలు రాయాలి: కళ్లలో నిలిచిన ఒక దృశ్యం, మనసుకు పట్టిన ఒక నటనో సంభాషణో, కుదరలేదనిపించిన ఒక చోటు. "సూపర్", "మాస్టర్‌పీస్" లాంటి మాటలు పనికిరావు, రాత్రికి వాటినుంచి ఏదీ గుర్తుకురాదు. "చమురు బావి అంటుకున్నప్పుడు కొడుకుని వదిలేసి మంట దగ్గరకే తిరిగి పరుగెత్తడం" అని రాస్తే పన్నెండు గంటల తర్వాత కూడా ఆ సినిమా మొత్తం వెనక్కి వస్తుంది. రాయడం అయ్యేదాకా మాట్లాడకూడదు అన్న నియమం ఎందుకంటే, గదిలో గట్టిగా మాట్లాడే మనిషి ఒకరుంటారు. ఆయన పెదవి విరిస్తే ఇంకో ఇద్దరి ర్యాంకులు కదులుతాయి.

మార్కుల పట్టికలు నాకు నచ్చవు. దర్శకత్వానికి 20, నటనకు 20, సంగీతానికి 10 అంటూ వేసుకుంటే చివరికి అన్నీ 70కీ 80కీ మధ్య ఇరుక్కుంటాయి. నిజంగా గుండెను పట్టేసిన సినిమా సంగీతం దగ్గర నాలుగు మార్కులు పోగొట్టుకుని మూడోదవుతుంది. సంగీతం దాదాపు లేకుండా తీసిన 'నో కంట్రీ'కి ఆ గడిలో ఎన్ని వేస్తారు? మొదటి సినిమాకి వేసే మార్కులైతే మరీ గుడ్డెద్దు చేలో పడ్డట్టే, దేనితో పోల్చి వేస్తాం?

మార్కుల బదులు చీటీలు. సినిమాకి ఒక చీటీ. మొదటిది నోట్‌బుక్ అట్ట లోపలి వైపు అంటించేయండి. రెండోది చూశాక ఒక్కటే ప్రశ్న: దీనికంటే ఇది మెరుగా కాదా? పైనో కిందో అంటించాలి. మూడోది వచ్చాక అలాగే. నాలుగోది చూశాక ముందు మధ్యలో ఉన్నదానితో పోల్చాలి. మెరుగైతే పైదానితో, కాకపోతే కిందిదానితో ఇంకొక్క పోలిక. ఇలా చేస్తే ఐదు సినిమాలకు ఒక మనిషి చేసే పోలికలు మొత్తం కలిపి ఎనిమిదికి మించవు. ప్రతి పోలికా అప్పటికప్పుడు, తాజాగా జరుగుతుంది. ఐదింటినీ ఒకేసారి రాత్రి పేర్చే బాధ తప్పుతుంది. పోలికకు వాడే ప్రశ్న మాత్రం పొద్దున్నే అందరూ కలిసి ఒకటి ఖాయం చేసుకోవాలి. "ఏది గొప్ప సినిమా", "ఏది మళ్లీ చూస్తావు", "ఏది అవార్డుకు అర్హం", ఈ మూడిటికీ మూడు వేర్వేరు వరసలు వస్తాయి. ఒకరు ఒకదానికీ ఇంకొకరు ఇంకోదానికీ జవాబు రాస్తుంటే ఓట్లు కలపడంలో అర్థమే లేదు.

చివరి సినిమా అయ్యాక వెంటనే ఓటు వద్దు, పావుగంట ఆగాలి. ఆ పావుగంటలో ప్రతి ఒక్కరూ తమ మొదటి సినిమా నోట్సు మూడు ముక్కలూ పైకి చదవాలి, తర్వాత రెండోది, మూడోది. అది విన్నాక ఎవరికైనా చీటీలు మార్చాలనిపిస్తే ఒక్క మార్పు, అంటే పక్కపక్కన ఉన్న రెండు చీటీలను అటూ ఇటూ చేసుకునే అవకాశం, ఇవ్వండి. అంతకు మించితే మొత్తం తిరగరాస్తారు.

నిద్రపోయినవాళ్ల సంగతి ముందే తేల్చుకోవాలి. పది నిమిషాలకు మించి కునుకు తీస్తే ఆ సినిమా చూడనట్టే లెక్క. ఐదూ చూడనివాళ్ల ఓటు లెక్కలోకి రాదు. కఠినంగా అనిపిస్తుంది గానీ ఆస్కార్లు ఇచ్చే అకాడమీ కూడా 2025లో ఇదే నియమం పెట్టింది: ఒక విభాగంలో తుది ఓటు వేయాలంటే ఆ విభాగంలో నామినేట్ అయినవన్నీ చూసి తీరాలి. చూడని సినిమాని ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందంటే, చివరి స్థానానికి కూడా ఒకటి దక్కే పాయింట్ల లెక్కలో దానికి సున్నా పడుతుంది. అంటే చివరి స్థానంలో పెట్టినవాళ్ల కంటే కూడా నిద్రపోయినవాళ్లే దానికి ఎక్కువ నష్టం చేస్తారు.

ఇక లెక్కింపు. ఇక్కడే చాలా గదుల్లో గొడవ మొదలవుతుంది, ఎందుకంటే ఏ పద్ధతిలో లెక్కపెడతారో ఓట్లు విప్పాక నిర్ణయిస్తారు. ఆ తప్పు ఎంత దూరం పోతుందో ఒక లెక్కలో చూపిస్తాను. తొమ్మిది మంది ఉన్నారనుకుందాం, సినిమాల పేర్లు క, చ, ట, త, ప. నలుగురు రాసిన వరస: క, ట, త, ప, చ. ముగ్గురిది: చ, ట, త, ప, క. మిగిలిన ఇద్దరిది: ట, చ, త, ప, క.

మొదటి స్థానాలు మాత్రమే లెక్కపెడితే 'క'కి 4, 'చ'కి 3, 'ట'కి 2. 'క' గెలిచింది. ఆస్కార్‌లో ఉత్తమ చిత్రం తప్ప మిగతా విభాగాల్లో తుది ఓటు ఇలాగే, ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లదే అవార్డు.

ఉత్తమ చిత్రానికి మాత్రం 2009 సినిమాల నుంచి ర్యాంకుల ఓటు వాడుతున్నారు. సగం కంటే ఎక్కువ ఓట్లు ఎవరికీ రాకపోతే, అట్టడుగున ఉన్న సినిమాని తీసేసి దాని ఓట్లను ఆ కాగితాల్లో తర్వాతి స్థానంలో ఉన్నవాటికి పంచుతారు. మన తొమ్మిది కాగితాల్లో 'త', 'ప' లకు మొదటి స్థానాలే లేవు, అవి ముందే పోయాయి. తర్వాత రెండే ఓట్లున్న 'ట' పోతుంది. ఆ ఇద్దరి రెండో ఎంపిక 'చ'. దాంతో 'చ'కి 5, 'క'కి 4. 'చ' గెలిచింది.

పాయింట్ల పద్ధతి చూద్దాం, మొదటి స్థానానికి 5, తర్వాత 4, 3, 2, 1. 'క'కి 25, 'చ'కి 27, 'ట'కి 38, 'త'కి 27, 'ప'కి 18. 'ట' గెలిచింది, అదీ భారీ తేడాతో. ఒక్కరు కూడా మొదట పెట్టని 'త' పోయి 'చ'తో సమానంగా కూర్చుంది.

కాగితాలు అవే తొమ్మిది, పద్ధతులు మూడు, విజేతలు ముగ్గురు. 'ట'ని ఒక్కోదానికి ఎదురుగా నిలబెట్టి చూడండి. 'ట', 'క' రెంటిలో ఏది పైన అని తొమ్మిది కాగితాలూ వెతికితే 5–4తో 'ట'దే పైచేయి. 'ట', 'చ' మధ్య అయితే 6–3. 'త', 'ప' లను ఎలాగూ అందరూ కిందే పెట్టారు. అంటే ఎవరితో పోటీ పెట్టినా గెలిచే సినిమా, అకాడమీ పద్ధతిలో మాత్రం చివరి ఇద్దరిలో కూడా లేకుండా ఇంటికి పోయింది. అందరికీ రెండో ప్రేమ అయిన సినిమాకి ఆ పద్ధతిలో పట్టే గతి ఒక్కోసారి ఇదీ.

ఐదు సినిమాలకు నా ఓటు ఈ ఎదురెదురు పోటీకే. ఐదింటితో జతలు పదే వస్తాయి. ఒకరు జత పేరు చదివితే, మిగతావాళ్లు తమ కాగితంలో ఏది పైనుందో చెయ్యెత్తి చెప్తారు. పావుగంటలో అయిపోతుంది. మిగతా నాలుగింటినీ ఓడించినది మొదటి ర్యాంకు, మూడింటిని ఓడించినది రెండు, ఇలా దిగండి. అప్పుడప్పుడూ 'క' 'చ'ని, 'చ' 'ట'ని, 'ట' తిరిగి 'క'ని ఓడించే గుండ్రటి చిక్కు పడుతుంది. ఆ చిక్కులో పడ్డవాటికి మాత్రం పాయింట్లు కూడి విడదీయండి. పాయింట్లు కూడా సమానమైతే మొదటి స్థానాలు ఎక్కువున్నది పైకి. ఇదంతా పొద్దున్న 8:30 లోపే కాగితం మీద రాసి గోడకు అంటించాలి. పది సినిమాలతో రెండు రోజులు చేసేవాళ్లకు జతలు 45 అవుతాయి, చేతులెత్తి తేల్చే పని కాదు. అక్కడ పాయింట్లే మేలు.

ఉత్తమ చిత్రం విసుగనిపిస్తే వేరే విభాగాలున్నాయి. 2001 విదేశీ భాషా చిత్రం నామినీలు ఐదూ కలిపి దాదాపు 11 గంటలు. 'లగాన్' ఉన్న ఏడాది అది, ఆ ఒక్కటే 224 నిమిషాలు. గెలిచిన 'నో మ్యాన్స్ ల్యాండ్' 98. అంత తేడా ఉన్నప్పుడు పొడుగుదాన్ని పొద్దున్నే పెట్టాలి, దానికి మధ్యలో ఒక బ్రేకు కూడా ఇవ్వాలి. తెలియని భాషల సినిమాలు వరసగా పడితే జాగ్రత్త, సబ్‌టైటిల్స్ చదివీ చదివీ నాలుగోదానికి కళ్లు బొమ్మ మీదకి పోవడం మానేస్తాయి. షార్ట్ ఫిల్మ్‌లు ఇంకా సులువు. పేర్లతో సహా 40 నిమిషాలు దాటకూడదన్నది అకాడమీ నియమం, మూడు విభాగాల్లో ఐదేసి. అన్నీ పూర్తి నిడివి ఉన్నా 600 నిమిషాలే, అంత ఎప్పుడూ రాదు. అయితే పదిహేనింటినీ ఒకే వరసలో పేర్చకండి. ఆరు నిమిషాల యానిమేషన్‌నీ 38 నిమిషాల డాక్యుమెంటరీనీ ఒకే తక్కెడలో పెట్టి తూచితే తూకం ఎటూ రాదు. ఏ విభాగానికి ఆ విభాగమే.

ఓట్లయ్యాక ఆ కాగితాలు పారేయకండి, కవర్లో పెట్టి అంటించేయండి. సరిగ్గా వారం తర్వాత, పాతవి చూడకుండా, అందర్నీ మళ్లీ ఒక వరస రాసి పంపమనండి. రెండు వరసలూ పక్కపక్కన పెట్టి, రెండో వరసలో ఏది దిగిందో చూడండి. అది ఆ రోజు చివర చూసిన సినిమాయే అయితే, తర్వాతిసారి ఏడు గంటల ఆటలో ఏది పెట్టాలో ఇంకోసారి ఆలోచించుకోవాలి.